వీపు తట్టడానికి అంత చదువెందుకు అనేవారికి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది రాయగడ. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడి చదువంతా ఒడియాలో సాగింది. ఇప్పుడు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నాను. పిల్లల వార్డులో పోస్టింగ్ పడినప్పుడు ఛాతీ ఫిజియోథెరపీ, అంటే వీపు తట్టి, ఊదించి ఊపిరితిత్తుల్లో కఫాన్ని బయటికి తెప్పించే వైద్యం చూశాను, అప్పట్నుంచి అదే చేయాలని ఉంది. మా మావయ్యేమో "వీపు తట్టడానికి ఇన్నేళ్ళ చదువెందుకు, మోకాళ్ళ నొప్పుల క్లినిక్ పెట్టుకో" అంటున్నారు. అసలు ఈ పనిలో ఏముంటుంది? మన వైపు ఉద్యోగాలు దొరుకుతాయా?

జవాబు: ముందు మీ మావయ్యగారి మాటకే జవాబు చెప్తానమ్మా, ఎందుకంటే ఆసుపత్రుల్లో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. తట్టడం ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు. ఏ బిడ్డని తట్టకూడదో తెలియడానికే ఇన్నేళ్ళ చదువు.

రెండేళ్ళలోపు పిల్లలకి వైరస్ వల్ల వచ్చే బ్రాంకియోలైటిస్ సంగతి చూడు. జలుబుతో మొదలై పిల్లికూతలు, ఆయాసం దాకా వెళ్తుంది. ఈ పిల్లలకి మామూలుగా ఛాతీ ఫిజియో చేయడం వల్ల లాభం లేదని పరిశోధనలు తేల్చాయి, పైగా అలిసిపోయిన బిడ్డ ఇంకా అలిసిపోయి ఆక్సిజన్ పడిపోవచ్చు. ఆస్తమా ఎక్కువైనప్పుడూ తట్టకూడదు, అక్కడ పని చేయాల్సింది ఇన్‌హేలర్, నెబులైజర్ మందులు. మిగతా ఆరోగ్యం బాగున్న బిడ్డకి మామూలు నిమోనియా వచ్చినా యాంటీబయాటిక్, అవసరమైతే ఆక్సిజన్, అంతే. కానీ కేసు షీట్‌లో "చెస్ట్ ఫిజియో" అని అలవాటుగా రాసేసి ఉంటుంది. నువ్వు వెళ్ళి, స్టెత్ పెట్టి విని, డొక్కలు ఎగరేస్తున్నాడా, పాలు ఎప్పుడు తాగాడు, ఎక్స్‌రేలో ఏముంది అన్నీ చూసి, "సార్, ఈరోజు ఈ బాబుకి వద్దు" అని చెప్పగలగాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో కష్టమైన పని ఇదే.

మరి మనం నిజంగా కావాల్సింది ఎవరికి? కఫాన్ని తమంతట తాము బయటికి తెచ్చుకోలేని పిల్లలకి. సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతోనే కఫం జిగటగా ఉండే జబ్బు), బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పై కఫం నిలిచిపోయే జబ్బు) ఉన్నవాళ్ళు, కండరాల బలహీనత వల్ల గట్టిగా దగ్గలేనివాళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్ళూచేతులు అదుపులో లేకపోవడం) ఉండి గొంతులో ఎప్పుడూ గురగురలాడేవాళ్ళు, గొట్టం వేసి వెంటిలేటర్ మీద ఉండగా ఊపిరితిత్తిలో ఒక భాగం మూసుకుపోయినవాళ్ళు, గుండె ఆపరేషన్ అయినవాళ్ళు. వీళ్ళ దగ్గర మన చేతికి విలువుంది. పసిపిల్లల శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి, నాళం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుందని ఫిజిక్స్‌లో చదివే ఉంటావు, కాబట్టి చిన్న కఫం ముద్ద పక్కకి జరిగినా బిడ్డ ముఖంలో తేడా తెలుస్తుంది. పాలు తాగిన వెంటనే చేయకూడదు. తల కిందికి వంచి పడుకోబెట్టే పాత పద్ధతి పసిపిల్లలకి వద్దు, పాలు పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

కాస్త పెద్ద పిల్లలైతే ఆటే వైద్యం. సీసాలో సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోసి, అందులో ట్యూబు పెట్టి బుడగలు వచ్చేలా మెల్లగా, పొడుగ్గా ఊదమంటాం, ఆ ఎదురు ఒత్తిడికి నాళాలు తెరుచుకుని ఉంటాయి, కఫం వెనక నుంచి గాలి కదులుతుంది. తర్వాత అద్దం మీద ఆవిరి పట్టేలా నోరు తెరిచి "హా" అని ఊదిస్తాం. నీళ్ళు రోజూ మార్చాలి, సీసా కడగాలి, బిడ్డ ఆ నీళ్ళు పీల్చి తాగకుండా పక్కన ఒకరు ఉండాలి.

అయితే మనం ఆ బిడ్డతో ఉండేది కాసేపే, రోజంతా ఉండేది తల్లి. ఆవిడకి నేర్పకపోతే డిశ్చార్జి అయ్యాక మన పని అక్కడితో ఆగిపోయినట్టే. అందుకే నువ్వు రాయగడ అమ్మాయివి కావడం పెద్ద ఆస్తి అంటాను. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, వీలైతే కొండ ఊళ్ళ గిరిజనులు మాట్లాడే కువి భాష కూడా నేర్చుకో, గుణుపురం వైపు పనిచేస్తే సవర భాష మాటలూ కావాలి. నిమ్ము చేసిందని బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టించుకుని వచ్చేవాళ్ళు కొండ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళని అందరి ముందూ తిడితే మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. వాళ్ళ భాషలో పక్కన కూర్చుని, వాత వల్ల ఊపిరి బాగుపడదు, పుండు పడి జబ్బు ఇంకా ముదురుతుంది అని చెప్పగలిగే మనిషి కావాలి.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. కేవలం పిల్లల ఊపిరితిత్తుల కోసమే ఫిజియో పోస్టు మన జిల్లాల్లో ఆశించకు. పిల్లల ఐసీయూలున్న పెద్ద ఆసుపత్రులు విశాఖపట్నం, భువనేశ్వర్, హైదరాబాద్ లాంటి చోట్లే ఎక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం) కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు ఉండాలి, అక్కడికి వచ్చే సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో ఛాతీ సమస్యలున్నవాళ్ళు చాలామంది, కానీ ఆ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. నన్నడిగితే, ఇంటర్న్‌షిప్ అయ్యాక కార్డియో రెస్పిరేటరీలో (గుండె, ఊపిరితిత్తుల విభాగంలో) రెండేళ్ళ ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీ పీజీ చెయ్యి, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థలో ఏమేం ఉన్నాయో కూడా కనుక్కో. తర్వాత కొన్నాళ్ళు పిల్లల ఐసీయూలో పనిచేసి చెయ్యి తిరిగాకే ఇటు రా. మొదట్లో మోకాళ్ళ నొప్పులూ చూడాల్సి వస్తుంది, అందులో తప్పేం లేదు.

ప్రశ్న: మా పాపకి 10 నెలలు. జలుబు చేస్తే ఛాతీ గురగురమంటుంది. అత్తగారు వీపు గట్టిగా తట్టమంటారు. నెబులైజర్ కొనమంటారా? (పర్లాకిమిడి నుంచి ఒక తల్లి)

జవాబు: తట్టకండమ్మా, డాక్టర్ చెప్పకుండా మెషిన్ కూడా కొనకండి. ఆ శబ్దం చాలాసార్లు ముక్కులోంచే వస్తుంది. పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి తుడవండి, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ దగ్గరికి రానివ్వకండి. పాప నిద్రపోతున్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి, ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా అదే నంబరు.