హైదరాబాద్ ఎండల్లో పెరటి ఆక్వాపోనిక్స్: మేలో మాత్రం తొట్టి నిండా చేపలు ఉంచొద్దు

మీరు అడిగింది: ఇంటి వెనక కొంచెం జాగా ఉంది, వెయ్యి లీటర్ల తొట్టి పెడితే ఎండాకాలం చేపలు నిలుస్తాయా, ఏ చేప వేయాలి, మేడ మీద పెట్టొచ్చా అని.

నిలుస్తాయండి. ఆక్వాపోనిక్స్ అంటే తొట్టిలో చేపలు, పక్కన కంకర మడిలో మొక్కలు: చేపల నీళ్లను మోటారుతో మడిలోకి తిప్పితే వాటి వ్యర్థం మొక్కలకు ఎరువవుతుంది, నీళ్లు శుభ్రపడి తిరిగి తొట్టిలోకి వస్తాయి. మాది ఉప్పల్ వైపు. వేపచెట్టు నీడలో కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ముందు మేడ సంగతి: వెయ్యి లీటర్ల నీళ్లంటేనే టన్ను బరువు, ఆపైన కంకర మడి. ఇంజనీరును అడగకుండా స్లాబ్ మీద పెట్టకండి. జాగా ఉన్నప్పుడు కిందే మేలు. తొట్టిని సగం వరకు భూమిలో దింపితే నీళ్లు అంత తొందరగా వేడెక్కవు కూడా.

మన దగ్గర అసలు సమస్య మే నెల. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన కరిగేది, 35 దగ్గర సుమారు 7కి పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పైగా వేడి పెరిగినా, పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాల కొలత; 7 పైన క్షారం) పెరిగినా, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. 30 డిగ్రీల్లో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే, అదే 8కి పోతే ఏడు శాతం దాకా. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లే, వాటి పీహెచ్ తరచూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ లెక్క గుర్తుంచుకోండి.

అందుకే నా పద్ధతి ఇది. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక పిల్లలు వేస్తాను. మార్చికల్లా పెద్దవి తీసేస్తాను. ఎండాకాలంలో కొద్దిపాటి చేపలే ఉంటాయి, మొక్కలకు అవి చాలు. మృగశిర రోజు రాంనగర్ మార్కెట్‌లో రద్దీ, ధర చూస్తే అప్పటిదాకా ఆగి మన చేపే వండుకుందాం అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క కూర కోసం మే అంతా టెన్షన్ ఎందుకు?

ఎండల్లో ఇంకో కిటుకు. పగలు కంకర మడి కాలిపోతుంది, మధ్యాహ్నం దాని మీదుగా నీళ్లు తిప్పితే తొట్టిని చేతులారా వేడి చేసినట్టే. మడి మీద గ్రీన్ నెట్ కట్టి, నీటి మోటారు ఎక్కువగా రాత్రిపూట నడపండి. పగలు అప్పుడప్పుడు, కంకర ఆరిపోకుండా నడిపితే చాలు. రాత్రి గాలికి నీళ్లు కూలర్‌లోలాగా చల్లబడతాయి. గాలి పంపు మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచేది పెట్టుకోండి. మేత పొద్దున్నే, అదీ తగ్గించి.

చేప విషయానికొస్తే, కొత్తవాళ్లకు పంగాసియస్ చెబుతాను. నీటిపైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు, కరెంటు పోయినా కాసేపు తట్టుకుంటుంది. జనవరి చలికి మాత్రం మేత ముట్టదు, రాత్రి తొట్టిపై కవరు కప్పండి. కొర్రమీను మన రాష్ట్ర చేప, రుచి చెప్పక్కర్లేదు, వేడినీ ఓర్చుకుంటుంది. కానీ పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి, ఎగిరి బయట పడతాయి, గుళికల మేతకు అలవాటైన పిల్లలే కొనాలి. వల తప్పనిసరి. రవ్వ, బొచ్చె చెరువు చేపలు, ఈ తొట్టి వాటికి ఇరుకు. తిలాపియాకు అనుమతి కావాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, దాని పెంపకంపై దేశంలో నిషేధం ఉంది.

ఎన్ని చేపలు అని అందరూ అడుగుతారు. అసలు చూడాల్సింది మేత. ఆకుకూరల మడి చదరపు మీటరుకు రోజుకు 40–50 గ్రాముల మేత సరిపోతుంది. మేతే చివరికి ఎరువు, అంతకు మించి వేస్తే మొక్కలు తీసుకోలేవు. వెయ్యి లీటర్లకు పెరిగిన చేప ఇరవై కిలోలు దాటకూడదు. మొదటిసారి పది పదిహేను పిల్లలతో మొదలుపెట్టండి.

కంకర 20 ఎంఎం గ్రానైట్‌దే తీసుకోండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ ముక్కలు వేయకండి, అది సున్నపురాయి, పీహెచ్ పెంచేస్తుంది. అనుమానముంటే రాయి మీద వెనిగర్ పోయండి, బుడగలొస్తే పక్కన పెట్టేయండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, డ్రమ్ములో ఒకరోజు గాలి పంపు పెట్టి ఉంచాకే కలపండి. అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి దగ్గరయ్యేదాకా పూర్తి సంఖ్యలో చేపలు వేయొద్దు. టెస్ట్ కిట్ మీద పిసినారితనం పనికిరాదు.

తోటకూర, పాలకూర, పుదీనా బాగా వస్తాయి. ఎండల్లో పాలకూర కష్టం, బచ్చలి పెట్టుకోండి. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము తక్కువైనట్టు, చీలేటెడ్ ఐరన్ (నీళ్లలో కరిగి మొక్కకు అందే ఇనుము) కొద్దిగా వేస్తే సరి. పురుగుమందు చుక్క కూడా వద్దు, వేపనూనె కూడా చేపలకు మంచిది కాదు.

డబ్బు మిగులుతుందా అంటే, లేదు. మోటారు కరెంటు, మేత కలిపితే చేప మార్కెట్‌లోనే చవక. మీ బోరు నీళ్ల పీహెచ్ ఎంతో చూసి ఇక్కడ రాయండి, దాన్నిబట్టి మిగతాది చెబుతాను.