మే నెల బిల్లు చూసి గాజులు తాకట్టు పెడతారా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. సొంత ఇల్లు, జీతం 38 వేలు. మే నెలలో కరెంటు బిల్లు 2,800 వచ్చింది. 5 కిలోవాట్ల సోలార్ పెడితే బిల్లే ఉండదని డీలరు అంటున్నాడు. ఖర్చు 3,10,000. మా ఆవిడ గాజుల మీద 12 శాతానికి లక్షన్నర, మిగతాది 16 శాతానికి పర్సనల్ లోను తీసుకుందామనుకుంటున్నాను. వరద తరవాత సామాన్లన్నీ కొనేసరికి ఖాతాలో 12 వేలే మిగిలాయి. ఏడాది బిల్లులు జతచేశాను. సలహా ఇవ్వగలరు.

జవాబు: వద్దండీ. సోలార్ మంచిదే, నాకు బెంగంతా ఆ 12 వేల గురించి.

ఎండాకాలం బిల్లు పట్టుకుని లెక్క వేసుకునే ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. మీ పన్నెండు బిల్లులు కలిపితే 16 వేలు, వాడింది 2,500 యూనిట్లు. అంటే రోజుకు ఏడు. ఒక కిలోవాట్ సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మీకు రెండు కిలోవాట్లు చాలు; అయిదు డీలరుకు కావాలి! ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ కూడా 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు, ఆపైన ఎన్ని పెట్టినా అంతే. అదీ బిగించి, నెట్ మీటరు (మీరు గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్న కరెంటునూ లెక్కగట్టేది) పెట్టాకే ఖాతాలో పడుతుంది. ఈలోగా మీరు చెప్పిన అప్పులకు తొలి ఏడాది వడ్డీయే దాదాపు 40 వేలు. 16 వేలు మిగుల్చుకోవడానికి 40 వేలు కడతారా? వాయిదా తప్పితే గాజులు వేలానికి వెళతాయి. కరెంటు బిల్లు కోసం ఇల్లాలి బంగారం కుదువ పెట్టడం నాకు మింగుడుపడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు మీ వీధిలోకి వచ్చినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, స్కూటరు ఒకేసారి పోయిన ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. చేతిలో డబ్బున్నవారు నీళ్లు తీశాక బండి బాగు చేయించుకుని పనికి వెళ్లారు, లేనివారు వడ్డీకి తెచ్చుకున్నారు. మీ ఇంటి ఖర్చు 28 వేలనుకున్నా ఆరు నెలలకు 1,68,000. ముందు అది అత్యవసర నిధిగా పోగవ్వాలి. నెలకు ఏడెనిమిది వేల చొప్పున రెండేళ్లు పడుతుంది, పట్టనివ్వండి. సగం సేవింగ్స్ ఖాతాలో, సగం ఎఫ్‌డీలో ఉంచండి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మాట తరవాత. ఆరోగ్య బీమా లేకపోతే మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

ఆ నిధి సగమైనా కూడాక రెండు కిలోవాట్లకు సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే కొటేషన్ అడగండి. కొంత చేతి డబ్బు వేసి, మిగతాది ప్రభుత్వ రంగ బ్యాంకులో ఈ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే తక్కువ వడ్డీ రుణం తీసుకోండి.

డీలరు చెప్పని సంగతులు కొన్ని. బ్యాటరీ లేని సోలార్, లైన్‌లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నమైనా మీ ఫ్యాను తిరగదు. రాత్రి వాడేది ఎటూ గ్రిడ్ నుంచే. ముసురు పట్టిన వారం ఉత్పత్తి బాగా పడిపోతుంది. పలకలపై దుమ్ము తుడుస్తూ ఉండాలి (ఇబ్రహీంపట్నం వైపు వారికి థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద అదనం). పలకలకు పాతికేళ్ల వారంటీ ఉన్నా ఇన్వర్టరు (పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాలి. మళ్లీ వరద వచ్చినా మునగకుండా, బిగించేటప్పుడు దాన్ని మెట్ల కింద గోడకు కాకుండా మేడ మీదే పెట్టించండి. ఇంటి బీమాలో పలకలూ ఇన్వర్టరూ చేరతాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

డీలరుకు అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి.