పాత బండికి ప్రీమియం గ్యాస్ పోయాలా?

అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇన్సూరెన్స్ గొడవ తేలగానే అడిగే ప్రశ్న ఇది. ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే. పంపు దగ్గర 87, 89, 93 అని మూడు బటన్లుంటాయి (కాలిఫోర్నియా లాంటి చోట్ల పైది 91). అన్నిటికన్నా పెద్ద అంకెదే ప్రీమియం. "బండి పాతది కదన్నా, ఖరీదైనది పోస్తే ఇంజిన్ నాలుగు కాలాలపాటు ఉంటుందేమో" అంటారు. బండి మీద ప్రేమ మంచిదే గానీ, ఆ అదనపు డబ్బు చాలాసార్లు సైలెన్సర్‌లోంచి బయటికి పోవడమే.

ఆ అంకెలు నాణ్యతకు వేసిన మార్కులు కావు. ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కిపెడుతుంది, స్పార్క్ ప్లగ్ అంటిస్తుంది, మంట ఒక పక్క నుంచి పాకుతుంది. మంట తన దాకా రాకముందే మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ దానంతటదే అంటుకుంటే అదే నాకింగ్. పింగింగ్ అని కూడా అంటారు. అలా అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్. 93లో శక్తి ఎక్కువేమీ ఉండదు. 87కు తయారైన మామూలు ఇంజిన్‌లో 93 పోస్తే పికప్ పెరగదు, మైలేజీ పెరగదు.

"ఇండియాలో మామూలు పెట్రోలే 91 ఉండేది కదా, ఇక్కడి 87 నాసిరకమా?" అని ఇంకో అనుమానం. కాదు, కొలిచే పద్ధతి వేరు. అక్కడ చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్, అంటే ఆర్ఓఎన్. ఇక్కడ పంపు మీద పసుపు స్టిక్కర్‌లో ఉండేది రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల సగటు. అందుకే అంకె నాలుగైదు తక్కువగా కనిపిస్తుంది. టొయోటా మాన్యువల్స్‌లో చాలావాటిలో 87 పక్కనే బ్రాకెట్లో రీసెర్చ్ ఆక్టేన్ 91 అని వేసి ఉంటుంది. వేరే దేశం వాళ్ల వీడియో చూసి "నా బండికి 95 కావాలట" అని బెంగపడకండి.

మరి మీ బండికి ఏది? ఓనర్స్ మాన్యువల్ చూడండి. పాత ఓనర్ అది ఇవ్వకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో సాధారణంగా దొరుకుతుంది. గ్యాస్ మూత తలుపు లోపలి వైపు కూడా ఓసారి చూడండి. ప్రీమియం గురించి అక్కడ రాసి ఉంటే, అది 'రిక్వైర్డ్' అన్నాడా, 'రికమెండెడ్' అన్నాడా అన్నది ముఖ్యం. రిక్వైర్డ్ అంటే కక్కుర్తి పడకుండా పోయాల్సిందే. కొన్ని టర్బో ఇంజిన్లు, లగ్జరీ బ్రాండ్ల పాత కార్లలో చాలా ఈ కోవలోవే. చవగ్గా వచ్చిందని పాత జర్మన్ కారు కొనేముందు ఈ ఖర్చు కూడా లెక్కేసుకోండి. రికమెండెడ్ అయితే 87తోనూ నడుస్తుంది. నాక్ సెన్సర్ శబ్దాన్ని పసిగట్టి స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, పికప్ కాస్త తగ్గుతుంది, మైలేజీ కూడా కొంచెం తగ్గొచ్చు, అంతే. రెండు మూడు ట్యాంకులు అదీ, రెండు మూడు ట్యాంకులు ఇదీ పోసి మైలేజీ రాసుకుంటే ఏది గిట్టుబాటో తెలిసిపోతుంది. మాన్యువల్ 87 అంటే ఇక చర్చే లేదు.

చర్చ ఉండేది ఒక్క సందర్భంలో. లక్షన్నర మైళ్లు తిరిగిన బండి, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్ చప్పుడు చేస్తుంది. పాత ఇంజిన్‌లో మసి పేరుకుని కంప్రెషన్ పెరగడం వల్ల అలా రావచ్చు, అప్పుడు 89తో సద్దుమణగనూ వచ్చు. కానీ అరిగిన స్పార్క్ ప్లగ్స్, ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), సరిగా చల్లబడని ఇంజిన్, ఎక్కడో గాలి లాగుతున్న వాక్యూమ్ గొట్టం కూడా ఇదే చప్పుడు తెప్పిస్తాయి. వాటిని వదిలేసి నెలనెలా ప్రీమియం పోయడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్రలు మింగడమే. ముందు మెకానిక్‌కు చూపించండి. అన్నట్టు, 87 బండి అమ్మేవాడు "నేనెప్పుడూ ప్రీమియమే పోశాను" అని గొప్పగా చెబితే నేనైతే మురిసిపోను. ఎందుకు పోయాల్సి వచ్చిందని అడిగి, ఎత్తు మీద నడిపి చూస్తాను.

ఈమధ్య చాలా పంపుల్లో 88 అని ఇంకో బటన్ ఉంటోంది. 87 కన్నా అంకె పెద్దది, ధర తరచూ తక్కువ, చెయ్యి దాని మీదికే పోతుంది. సాధారణంగా అది ఈ15, అంటే 15 శాతం దాకా ఇథనాల్ కలిసినది. దాన్ని 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతించారు. మీ బండి అంతకన్నా పాతదైతే పోయకూడదు, ఆ సంగతి పంపు మీద నారింజ రంగు స్టిక్కర్ మీద ఉంటుంది. మోటార్ సైకిల్‌కూ పనికిరాదు. ఇథనాల్ ఇంకా చాలా ఎక్కువుండే ఈ85 అయితే, దానితో నడిచేలా తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ బళ్లకే.

కొలరాడో లాంటి కొండ ప్రాంతాల్లో 85 కూడా 'రెగ్యులర్' పేరుతోనే అమ్ముతారు. గాలి పలచగా ఉండే ఎత్తుల్లో పాతకాలపు కార్బ్యురేటర్ బళ్లకు అది సరిపోయేది, ఆ అలవాటే ఇంకా సాగుతోంది. 87 అడిగే ఫ్యూయల్ ఇంజెక్షన్ కారుకు అక్కడ కూడా 87 బటనే వెతికి నొక్కండి.

ఇంజిన్ శుభ్రంగా ఉండాలన్నదే మీ ఆరాటమైతే 'టాప్ టియర్' గుర్తున్న బంకులో పోయించండి. 2004లో కొన్ని కార్ల కంపెనీలే కలిసి పెట్టిన ప్రమాణం అది. ఆ గుర్తు ఉన్నచోట 87లోనూ మసి పట్టనివ్వని డిటర్జెంట్ సరిపడా ఉండాల్సిందే.

ప్రీమియం బండిలో పొరపాటున 87 పోశారా? టెన్షన్ వద్దు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడుపుతూ, కొంత ఖాళీ అవగానే పైన ప్రీమియం నింపండి. సగం 87కు సగం 91 కలిస్తే దాదాపు 89 అవుతుంది. పోసింది డీజిల్ అయితే మాత్రం తాళం కూడా తిప్పకండి, టో ట్రక్కును పిలవండి.