మాట్లాడమంటే ‘ఆయన్నడుగు’ అంటోంది

(జిల్లా పత్రికల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన వరంగల్ జర్నలిస్టు జవాబులు)

ప్రశ్న: మేడమ్, నర్సంపేట దగ్గర ఓ మండలం నుంచి పేపరుకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌ని. చేరి ఏడాదైంది. ఇక్కడ సర్పంచుల్లో సగం మంది ఆడవాళ్లే. కానీ ఏ ఊరికెళ్లినా భర్తే మాట్లాడతాడు. ఆమె ముందు ఫోన్ పెడితే ‘ఆయన్నడుగు’ అంటుంది. మీరు ఇన్నేళ్లూ ఆడవాళ్ల మాటలే రాశారు కదా, ఎలా మాట్లాడించారు?

జవాబు: ‘ఇన్నేళ్లూ’ అన్నావు గానీ చెల్లీ, మొదటి ఆరేళ్లు నేనూ రాయలేదు. ఎనుమాముల మార్కెట్ వార్తలు చూసేదాన్ని. పొద్దున్నే పోవడం, అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర చాయ్ తాగడం, మిర్చి ధర రాసుకొని రావడం. అదే షెడ్డులో కింద కూర్చొని తాలు కాయ ఏరే ఆడవాళ్లను దాటుకుంటూ పోయేదాన్ని. ఓ రోజు అడ్తిదారు ఇంకా రాలేదు. ఊరికే కూర్చొని ఒకామెను ‘కాయ ఎట్లుంది?’ అన్నాను. అరచేతిలో రెండు కాయలు పక్కపక్కన పెట్టి చూపింది. ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లబారి. ‘నిరుడు బస్తాకు దోసెడు తాలు. ఈసారి గంప నిండుతున్నది. రైతు మునిగిండు బిడ్డా’ అంది.

ఆ మాట వార్తలో వచ్చింది, ఆమె పేరు రాలేదు. నేను రాసి పంపిన పేరును డెస్కులో ‘కూలీలు చెబుతున్నారు’గా మార్చారు. అడ్తిదారు పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది.

నువ్వు అభిప్రాయం అడక్కు, పని అడుగు. ‘మహిళా సర్పంచ్‌గా ఎలా ఫీలవుతున్నారు?’ అంటే ఎవరైనా భర్త వైపే చూస్తారు. వాటర్ ట్యాంకు ఎప్పుడు కడిగించారు, ట్రాక్టర్ డీజిల్‌కు నెలకెంత, ఉపసర్పంచ్ చెక్కుల మీద సంతకం పెడుతున్నాడా అని అడుగు. మన 2018 పంచాయతీరాజ్ చట్టం సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది, చెక్కు మీద మాత్రం ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. అతను అడ్డం తిరిగితే వీధిలో బల్బు కూడా మారదు. ఈ ప్రశ్నకు నోరు విప్పని సర్పంచ్‌ను నేను చూడలేదు. భర్త అందుకునేలోపే మొదలుపెడతారు.

అన్నట్టు, సర్పంచుల ఫోన్ లిస్టుల్లో ఆమె పేరు పక్కన ఉండేది చాలాసార్లు భర్త నంబరే. ఆమె సొంత నంబరు తీసుకో. ఫోటోలోకి ఆయన వచ్చేస్తే ‘అన్నా, పేపర్ల సర్పంచ్ ఫోటోనే ఏస్తరు’ అను, నవ్వుకుంటూ జరుగుతాడు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చైన లైన్లను బట్టి వచ్చే డబ్బు మీద బతికేవాళ్లకు ఇంత తిరుగుడు గిట్టుబాటు కాదని నాకూ తెలుసు. నెలకొక ఊరు చాలు.

ప్రశ్న: కాలేజీ గోడపత్రికకు చాకలి ఐలమ్మ మీద రాయమన్నారు. అందరూ రాసిందే రాయాలా? (జనగామ)

జవాబు: వద్దు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట దక్కించుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆమె 1985 దాకా బతికే ఉంది. అంటే చిన్నప్పుడు ఆమెను చూసినవాళ్లు పాలకుర్తిలో దొరుకుతారు. మీకు దూరమేం కాదు, బస్సెక్కు. చివరి రోజుల్లో ఎట్లుండేది, పొద్దంతా ఏం చేసేది, ఎవరిని తిట్టేది అని అక్కడి అవ్వలను అడుగు. వాళ్లు ‘పోతిమి, చూస్తిమి’ అంటే అట్లాగే రాయి, ‘వెళ్లాము, చూశాము’ అని దిద్దకు.