గోడ గీయకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

వచ్చే వారం తొమ్మిదో తరగతికి ప్లాస్మాపొర (కణం చుట్టూ ఉండే పలచటి పొర) పాఠం మొదలుపెడతానని, ఎట్లా చెప్పాలో టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్‌లో తొందర తొందరగా చెప్పే విషయం కాదని రాస్తున్నాను.

బోర్డు మీద గుండ్రంగా ఒక గీత గీసి ‘ఇది కణానికి గోడ’ అనకు. మన పిల్లలకు ఖిలా వరంగల్ తెలుసు కాబట్టి ఆ రాతిగోడతో పోల్చాలనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు అట్లాగే చెప్పాను, అది తప్పు. గోడలో రాయి పెట్టినచోటే ఉంటుంది. పొరలో అణువులు కుదురుగా ఉండవు. పిల్లలకు మేడారం జాతర గుర్తుచెయ్యి. గద్దెల దగ్గర భుజాలు ఆనించుకుని నిలబడతాం. పక్కకు జరుగుతూనే ఉంటాం, తలల మీది నుంచి మాత్రం దూకలేం. పొరలో రెండు వరుసలుగా ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువులూ అంతే. తమ వరుసలో పక్కపక్కకు కదులుతూనే ఉంటాయి, ఒక వరుస నుంచి రెండో వరుసకు తమంతట తాము మారడం చాలా అరుదు. ప్రొటీన్లు ఆ గుంపు మధ్యలో అక్కడక్కడా ఉంటాయి. ఈ బొమ్మను 1972లో సింగర్, నికోల్సన్ అనే శాస్త్రవేత్తలు మనకిచ్చారు.

రెండు వరుసలెందుకని తప్పకుండా అడుగుతారు. ఆ అణువు తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. బయటా నీళ్లే, లోపలా నీళ్లే. అందుకే తలలు రెండు వైపులకూ తిరిగి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. పొర మందం ఏడెనిమిది నానోమీటర్లు. పదివేల పొరలు పేరిస్తే దాదాపు ఒక వెంట్రుక మందం.

ఇక ఎర్ర ఉల్లిగడ్డ. దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వు, పాఠంలో మిగతావి తగ్గినా ఫరవాలేదు. రేకు బయటివైపు ఊదారంగు పొరను పలచగా లాగి, నీటి చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూపించు. తర్వాత చిక్కటి ఉప్పునీళ్లు ఒక చుక్క వెయ్యి. కొద్ది నిమిషాల్లోనే ఊదారంగు ముడుచుకుని అంచుల నుంచి విడిపోతుంది. కణకవచం మాత్రం ఉన్నచోటే నిలబడి ఉంటుంది. అదీ అసలు గోడ. దాన్ని వదిలి లోపలికి జారిందే మన పొర. ఆలస్యం చేయకుండా మంచినీళ్లు వేస్తే మళ్లీ ఉబ్బుతుంది. పొర గుండా నీళ్లు ఇట్లా చిక్కటి వైపుకు పోవడాన్ని ద్రవాభిసరణ అంటారని అప్పుడు చెప్పు, ముందు కాదు.

పరకాల దగ్గర బడిలో ఉన్నప్పుడు ఒక అమ్మాయి అడిగింది: ‘సార్, మధ్యలో కొవ్వు ఉంటే నీళ్లు అంత తొందరగా ఎట్లా పోతాయి?’ 1980ల నాటి మాట. కొంత నీరు నెమ్మదిగా కొవ్వు గుండానే పోతుంది కానీ, ఆ వేగానికి అది చాలదు. నాకు తెలియదని చెప్పాను. నీళ్లకు ప్రత్యేకంగా ఒక ప్రొటీన్ దారి ఉందని శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం 1992లో తేల్చింది. దాన్ని ఆక్వాపోరిన్ అంటారు. ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది. నీ క్లాసులో ఇట్లాంటి ప్రశ్న వస్తే ‘సిలబస్‌లో లేదు’ అని మాత్రం అనకు.

విసరణకూ (ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ వైపుకు వాటంతటవే పోవడం) సక్రియ రవాణాకూ (శక్తి ఖర్చుపెట్టి ఎదురు పంపడం) తేడా చెప్పడానికి కాకతీయ కాలువ చాలు. వాలుకు నీళ్లు వాటంతటవే పారతాయి, మిట్ట పొలానికి ఎక్కాలంటే మోటారు కావాలి, మోటారుకు కరెంటు కావాలి. కణానికి ఆ కరెంటు ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు. పొరలోని ఒక ప్రొటీనే మోటారు. ఒక్క ఏటీపీతో మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి పోతాయి.

ఆ మోటారు సోడియంను బయటికి తోడుతుంది కాబట్టి, అది మళ్లీ వాలుకు పారినట్టు లోపలికి రావాలని చూస్తుంది. మన పేగుల్లో ఒక ప్రొటీన్ ఉంది. ఉప్పులో ఉండే సోడియం, గ్లూకోజ్ రెండూ వస్తేనే అది వాటిని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ వస్తాయి. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. ఓఆర్ఎస్ పనిచేసేది ఇందుకే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి ఎన్నో ప్రాణాలు కాపాడారు.

నా చిన్నప్పుడు మా వాడలో వాంతులు, విరేచనాలైన ఒక పసిపిల్లకు, తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని నీళ్లు ఆపేశారు. మూడో రోజు పోయింది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ తల్లి ఏడుపు నా చెవుల్లో ఉంటుంది.

అందుకే ఆశా అక్కను అడిగి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి, క్లాసులో పిల్లల చేతనే కలిపించు. లీటరు ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో వేసుకుంటే కొలత తప్పుతుంది. ఆ మాట ఇంటికెళ్లి అమ్మకూ, నానమ్మకూ చెప్పి రమ్మను.

మీ పెద్దబాపు