బాకీ ఎంతో చెప్పు, తమ్ముడూ

ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

నువ్వు పంపిన కథ చదివాను. కందుకూరు పొగాకు వేలం కేంద్రం, ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రి కాపలా, ధర ఎంత పలుకుతుందోనన్న టెన్షన్, ఇవన్నీ తెలిసినవాడు రాసినట్టే ఉన్నాయి. చిక్కంతా చివరి పేజీలో వచ్చింది. కథలో తమ్ముడి పొగాకు డబ్బు అన్న వాడేసుకున్నాడు. తమ్ముడు సువార్త కూటానికి వెళ్లాడు, వాక్యం విన్నాడు, ఏడ్చాడు, అన్నను క్షమించాడు. వెంటనే దేవుడు దగ్గరైపోయాడు. చర్చిలో లేచి చెప్పుకునే సాక్ష్యంలో అయితే ఇది చెల్లుతుంది. సాక్ష్యం చెప్పేవాడు మన ఎదురుగా నిలబడి ఉంటాడు, ముఖం చూసి నమ్ముతాం. కథలో ఆ ముఖం నువ్వే చూపించాలి.

అసలు అన్న ఎంత వాడుకున్నాడు? ‘అన్యాయం చేశాడు’ అని ఊరుకున్నావు. మత్తయి సువార్త 18వ అధ్యాయం మళ్లీ చదువు. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడిగితే, యేసు ప్రభువు అప్పుల కథ చెప్పాడు, అదీ అంకెలతో. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ, తలాంతు అంటే ఆ కాలపు పెద్ద మొత్తం. రాజు అదంతా వదిలేశాడు. తోటి దాసుడు అతనికి నూరు దేనారాలు బాకీ, అతను మాత్రం వదల్లేదు. ఆ నూరూ చాలా చిన్న మొత్తమన్నట్టు ప్రసంగాల్లో దాటేస్తారు. రోజు కూలి ఒక దేనారం అయిన కాలంలో అది మూడు నెలల కూలి పైమాటే. కూలివాడికి అది నిజమైన నష్టం. ప్రభువు ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పలేదు. పక్కన పది తరాలు చాకిరీ చేసినా తీరని పదివేల తలాంతులు పెట్టి చూపించాడంతే.

రాజు వదిలేసిన సొమ్ము ఎక్కడికి పోయింది? రాజు ఖజానాకే చిల్లు పడింది. సిలువ గురించి మన విశ్వాసం చెప్పేదీ ఇదే, బాకీని దేవుడు తన మీద వేసుకున్నాడని. నీ కథలో తమ్ముడు డబ్బు వదులుకున్న మరుసటి నెల కూతురి ఫీజు కట్టాలి కదా. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర గడువు అడుక్కుంటున్నప్పుడు, అన్న మీద మళ్లీ కోపం వచ్చి, మళ్లీ వదులుకోవాల్సి వస్తుంది. ఎదుటివాడి బాకీ తాను మోయడం ఎలా ఉంటుందో అక్కడ అతనికి కొంచెం తెలుస్తుంది. దేవుడు దగ్గరయ్యాడని నువ్వు రాయాల్సింది, నా లెక్కలో, ఆ కిటికీ దగ్గర. గుండె తేలిక కాకపోయినా ఫర్వాలేదు.

యోహాను సువార్తలో పేతురు సంగతి చూడు. ప్రధానయాజకుడి ఇంటి ఆవరణలో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనన్నాడు. పునరుత్థానం తర్వాత సముద్రపు ఒడ్డున మళ్లీ నిప్పులు, వాటి మీద చేపలు. ప్రభువు ముందు అన్నం పెట్టాడు. ఆ తర్వాత ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురుకు దుఃఖం వచ్చింది. ‘నిన్ను క్షమించాను’ అని ఎక్కడా చెప్పించకుండానే యోహాను ఆ పని అయినట్టు మనకు తెలిసేలా చేశాడు. నీ చివరి పేజీలో ఆ మాట పదే పదే వస్తోంది. కొట్టెయ్యి.

కూటం బదులు బల్ల ఆదివారం పెట్టుకో, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. అన్న సంఘపెద్ద అని నువ్వే రాశావు, రాసి మర్చిపోయావు. ద్రాక్షరసం పళ్లెం అతని చేతిలోనే ఉంటుంది. తమ్ముడు అందుకోవాలి, లేదా ముందే లేచి బయటికి పోవాలి. మన చర్చిల్లో మాటలు లేని అన్నదమ్ములు బల్ల ముందు జారుకోవడం నువ్వు చూడనిదా? ఇంకోటి. సహోదరుడికి నీ మీద ఏదైనా ఫిర్యాదు ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. ఆ మాట వర్తించేది అన్నకు. మనమేమో ఎప్పుడూ మోసపోయినవాడికే ప్రసంగం చేస్తాం.

కూటంలో వేలమంది ఏడ్చారన్న వాక్యం కూడా తీసెయ్యి. 1878 జులై 3న, కరువు తగ్గాక, గుండ్లకమ్మ ఏటి నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు మిషనులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం అది. ఆ సంఖ్య చరిత్రకు పనికొస్తుంది. కథకు ఆ వరుసలో ఒక్కడు చాలు. కరువులో తనకు గింజలు అరువివ్వనివాడే ఇప్పుడు తన ముందు నీళ్లలోకి దిగుతుంటే, ఆ ఒక్కడు ఏమనుకుంటాడు?

ఒక జాగ్రత్త. అన్నదమ్ముల కథను ఊరి కథ చేసే ఉద్దేశం ఉందన్నావు. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద దాడి తర్వాత మాదిగపల్లె వాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. అలాంటి వాళ్ల దగ్గరికి వెళ్లి ‘క్షమించండి, కేసు వదిలెయ్యండి’ అనే పాత్రను నువ్వు భక్తుడిగా చూపిస్తే నేను ఒప్పుకోను. కోర్టుకు వెళ్తూనే మనసులో పగ వదులుకున్నవాళ్లు ఉంటారు. కేసు వదిలేసి పగ పెంచుకున్నవాళ్లూ ఉంటారు. ఆ రెండూ కలిపేస్తే బలవంతుడికి సుఖం.

చివరిగా తమ్ముడి భార్య. బ్యారన్‌కి కట్టెలు కొనడానికి ఆమె గాజులు తాకట్టు పెట్టారని రెండో పేజీలో ఉంది. ఆ గాజులు విడిపించారా? విడిపించకపోతే, భర్త క్షమించేసిన డబ్బులో ఆమె వాటా కూడా ఉంది. ఆమెను అడక్కుండా వదిలేసే హక్కు అతనికి ఎవరిచ్చారు? ఆమె ఏమంటుందో రాసి, అప్పుడు పంపు.

మీ అన్న,
ఒంగోలు నుంచి