అప్పులు తీరాయి, డబ్బూ ఉంది.. ఆయనకు మాత్రం ఖర్చుకు చేయి రాదు

కడప నుంచి ఒక ఇల్లాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు, క్లుప్తంగా చెబుతాను. ఆమెకు 39, భర్తకు 44. ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, చేతికి 75 వేలు వస్తాయి. 2007లో పెళ్లయ్యే నాటికి మామగారు చేసిన అప్పులు నెత్తి మీద ఉన్నాయి. "పదేళ్లు కడుపు కట్టుకుందాం, ఆ తర్వాత ఎవరి ముందూ చేయి చాచకుండా దర్జాగా బతుకుదాం" అన్నారట ఆయన, ఈమె సరేనన్నారు. ఒంటి గది అద్దె ఇల్లు, పండక్కి తప్ప కొత్త బట్ట లేదు, కూరగాయలు కూడా రాత్రి ధర దిగాక కొనడమే. అప్పు తీరింది, 2016లో చిన్న ఇల్లు కట్టుకున్నారు, ఇప్పుడు పీఎఫ్, పీపీఎఫ్, బ్యాంకు డిపాజిట్లు అన్నీ కలిపి 64 లక్షలు ఉన్నాయి. కూతురి ఫీజులు కాక ఇంటి ఖర్చు నెలకు 21 వేలు. మొదట 30 లక్షలు చాలన్న మనిషి తర్వాత 50 అన్నారు, ఇప్పుడు కోటి అంటున్నారు. ఇంటర్ చదివే అమ్మాయి కాలేజీ వాళ్లతో హంపి వెళ్తానంటే 1,800 దండగ అన్నారు. "ఇన్నేళ్లూ నేను నోరు కట్టుకున్నది ఎందుకోసం?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, కోపంలో మీరు ఆయన్ని పిసినారి అన్నారు గానీ, మీ ఉత్తరంలోనే దానికి జవాబు ఉంది. పులివెందుల పక్క పల్లెలో మీ మామగారు శనక్కాయ వేసి, వాన రాక, బోరు మీద బోరు వేసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే ఏడాదికి 36 శాతం, మూడేళ్లు తిరక్కముందే అసలుకు సమానంగా వడ్డీ. అప్పిచ్చినాయన వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటే పదో తరగతి పిల్లోడు దొడ్డిదారిన బడికి పోయాడని మీరే రాశారు. ఆ పిల్లోడు ఇప్పటికీ మీ ఇంట్లోనే ఉన్నాడు, పాసుబుక్కులో ఎన్ని సున్నాలు చేరినా వాడికి ధైర్యం రావడం లేదు. అందుకే 30 అన్నది 50 అయింది, 50 అన్నది కోటి అయింది. కోటి వచ్చాక కోటిన్నర అనరని మీరు నమ్ముతున్నారా? నేనైతే నమ్మను.

ఆయన భయమంతా ఉత్తదే అని మాత్రం అనను. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే ఇక ఉద్యోగమే అక్కర్లేదని మీ అమ్మాయి ఫోన్లో ఏదో చూపించిందట. మీ ఇంటి ఖర్చు ఏడాదికి 2 లక్షల 52 వేలు, దానికి 25 రెట్లు అంటే 63 లక్షలు, మీరు దాటేసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ సూత్రానికి మూలం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి, రిటైరయ్యాక 30 ఏళ్లు గడవాల్సిన వాళ్ల కోసం కట్టిన లెక్క. మీ ఆయనకు 44, ముందు ఇంకా 40 ఏళ్లు ఉండొచ్చు, ఇక్కడ ధరలు పెరిగే తీరు వేరు, అమ్మాయి ఇంజినీరింగు ముందుంది, పెళ్లి ఉంది. పీఎఫ్ పెన్షన్ చూస్తే ఇప్పటి లెక్కలో చాలామందికి 15 వేల జీతం మీదే కడతారు కాబట్టి నెలకు ఏడెనిమిది వేలు దాటదు. కాబట్టి ఉద్యోగం మానేసే రోజు ఇంకా రాలేదు, ఆ విషయంలో ఆయనదే రైటు.

అయితే ఉద్యోగం మానడం వేరు, మే నెలలో కడపలో కూలర్ లేకుండా పడుకోవడం వేరు. ఆ రెండోది పొదుపు అని నేను ఒప్పుకోను. సగటున ఏడు శాతం వేసుకున్నా 64 లక్షల మీద ఏడాదికి 4 లక్షల 48 వేలు, నెలకు 37 వేలు వస్తాయి. కొంత పన్ను పోతుందనుకున్నా మీ ఇంటి ఖర్చుకు మించి ఆ డబ్బే సంపాదిస్తోంది. ఇక నెలకు ఐదారు వేలు మీరూ అమ్మాయీ మనసారా ఖర్చు పెట్టుకుంటే కోటి చేరడం కొద్ది నెలలు వెనక్కి పోతుందేమో, అంతే. ఈ లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. భయం ఉన్న మనిషికి మీ కన్నీళ్ల కంటే అంకెలే త్వరగా అర్థమవుతాయి. షిఫ్టు దిగి వచ్చిన రోజు వద్దు, మీ పుట్టింటి వాళ్ల ముందు అసలే వద్దు. మొదలు పెట్టడమే వాళ్ల నాన్న సంగతితో మొదలు పెట్టండి, "ఆ బాకీ నువ్వే తీర్చావు, ఇంక మన వాకిట్లోకి ఎవరూ రారు" అని చెప్పండి. ఈ మాట ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ తర్వాత ఒక అంకె, ఒక తేదీ ఆయన చేతే రాయించండి, ఇద్దరూ సంతకం పెట్టండి, నవ్వులాటగా ఉన్నా సరే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది వేరే రెండు విషయాలు. డిపాజిట్లు ఏయే బ్యాంకుల్లో ఉన్నాయో మీకు తెలియదట, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా లేదట. ఇంత జాగ్రత్త మనిషి ఇక్కడెలా వదిలేశారో! ఒక్క పెద్ద ఆపరేషన్ వస్తే ఆ కోటి కల అక్కడే కరిగిపోతుంది. బీమా తీసుకోమనండి, అన్ని ఖాతాలకూ మీ పేరు నామినీగా ఉందో లేదో చూడండి, వీలైతే డిపాజిట్లు ఇద్దరి పేరు మీదకు మార్పించండి. ఒక బ్యాంకులో ఒక మనిషి పేరు మీద ఎంత ఉన్నా బ్యాంకు మునిగితే బీమా వచ్చేది 5 లక్షల వరకే, అదీ గుర్తు చేయండి. కడుపు కట్టుకున్నది ఇద్దరైతే లెక్క ఒక్కరికే తెలియడం న్యాయం కాదు.

బియ్యం డబ్బాలో దాచిన కుట్టు మిషను డబ్బు గురించి దొంగతనం చేసినట్టు రాశారు. ఫాల్స్ కుట్టి, జాకెట్లు కుట్టి మీరు సంపాదించిన డబ్బది. దాచొద్దు, రేపే మీ పేరున ఖాతాలో వేసుకోండి, ఆయనకు చెప్పే వేసుకోండి. హంపికి ఈ సారికి అందులోంచే ఇవ్వండి. అమ్మాయి ఈమధ్య ఏదీ అడగడం మానేసిందని మీరు మెచ్చుకోలుగా రాశారు గానీ, అది నాకు మంచిగా అనిపించలేదు. అడిగితే లేదంటారని తెలిసి అడగడం మానేసిన పిల్ల రేపు కాలేజీలో ఏ కష్టం వచ్చినా ఇంటికి ఫోన్ చేయదు. ఈ సంగతి మాత్రం ఆయనకు మెల్లగా కాదు, గట్టిగానే చెప్పండి.

ఉత్తరం చివర మోకాలి నొప్పి ఏడాదిగా ఉందని, జండూబామ్ రాస్తున్నానని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. దానికి ఆయన అనుమతి, కోటి రూపాయలు ఏవీ అవసరం లేదు. ఈ వారమే రిమ్స్‌లో ఎముకల ఓపీకి వెళ్లి చూపించుకోండి, ఎక్స్‌రే తీయమంటే తీయించుకోండి.